కలహంతో మొదలయ్యే కొలువు ప్రేమకథ

మొదట ఒకరంటే ఒకరికి పడని స్త్రీపురుషులు ఒకే చోట ఉద్యోగం చేస్తూ, మాటకు మాట అనుకుంటూ, చివరకు ప్రేమలో పడే కథలకు ఏ భాషలోనైనా పాఠకులు ఎక్కువే. తెలుగులో ఈ తరహాకు విశేష ప్రచారం తెచ్చిన నవల 'సెక్రటరీ'. దాని రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి కృష్ణా డెల్టాలోని మొవ్వ మండలం కాజ గ్రామంలో పుట్టారు.

సత్యభామ అలకను ఆడి చూపిన భామాకలాపానికి పుట్టినిల్లయిన కూచిపూడి కూడా ఆ మండలంలోనిదే. ఇలా ప్రియునితో పోట్లాడి దూరమై, ఆ తర్వాత చింతించే నాయికను అలంకారశాస్త్రం 'కలహాంతరిత' అంటుంది. అయితే ఆ సంప్రదాయంలో ప్రేమ ముందు, కలహం వెనుక. ఆధునిక నవల ఈ వరుసను తిరగవేసింది. పెళ్లికాని యువతి పరాయి పురుషుడితో నాలుగు మాటలు మాట్లాడడమే తప్పుగా తోచిన కాలంలో, కార్యాలయం వారిద్దరినీ రోజూ ఎదురెదురుగా నిలిపింది. నచ్చని మనిషినైనా జీతం కోసం మర్నాడు మళ్లీ చూడక తప్పదు గనుక, తొలినాటి దురభిప్రాయం పనిలో బయటపడే స్వభావం ముందు నెమ్మదిగా కరిగిపోతుంది.

1960లలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వెలువడిన 'సెక్రటరీ'లో మధ్యతరగతి యువతి జయంతి సంపన్నుడైన రాజశేఖరం వద్ద ఉద్యోగంలో చేరుతుంది. అతని చుట్టూ మూగే స్త్రీలను చూసి అతని శీలాన్ని శంకిస్తుంది, అతడు చనువు చూపబోతే బిగుసుకుపోతుంది, మాట పడదు. ఆడపిల్లల ఉద్యోగమే కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, జీతమిచ్చే యజమాని సైతం తన గౌరవాన్ని సంపాదించుకోవలసిందేనని నిలబడిన యువతి పాఠకురాళ్లకు ఆత్మబంధువయింది. అతని కారూ మేడా కన్నా ఈ ఆత్మాభిమానమే నవలకు అసలైన ఆకర్షణ. 1976లో కె.ఎస్. ప్రకాశరావు దీనిని చలనచిత్రంగా తీయగా, అక్కినేని నాగేశ్వరరావు రాజశేఖరంగా, వాణిశ్రీ జయంతిగా నటించారు.

అంతకు ముందే, 1955లో వచ్చిన 'మిస్సమ్మ' చిత్రంలో ఎన్.టి. రామారావు, సావిత్రి ఇదే కలహాన్ని మరో తీరున పండించారు. ఉపాధ్యాయ ఉద్యోగాల కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి ఒకే ఇంట చేరిన ఆ ఇద్దరిలో మేరీ చీటికిమాటికి కస్సుమంటుంది, రావు ఓర్పుతో నెట్టుకొస్తాడు. ఇక్కడ ఇద్దరూ సమాన ఉద్యోగులు, ఒకరి జీతం మరొకరి చేతిలో లేదు.

ఈ తేడా చిన్నది కాదు. యజమాని పట్టుదలను ప్రేమగా చూపే కథలో, కాదంటే ఉద్యోగం పోతుందన్న భయం ఉద్యోగినిని వెన్నాడుతూనే ఉంటుంది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం దేశంలో 2013లో గాని రాలేదు. ఆడదాని మనసు లోతులు చూపడంలో 'సెక్రటరీ'దే పైచేయి. కలహంలో న్యాయం మాత్రం 'మిస్సమ్మ'లోనే ఎక్కువ.