పిల్లవాడి కంటి ఎత్తున ముఖచిత్రం: 'బుడుగు' కొత్త అట్ట – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రసిద్ధమైన బాలల కథకు కొత్త ముఖచిత్రాన్ని రూపొందించేటప్పుడు పాతదానిలో దేనిని నిలుపుకోవాలి, దేనిని మార్చాలి అనే ప్రశ్నను ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముఖచిత్రం కథను అలంకరించడానికన్నా ముందు పాఠకుణ్ణి ఎంచుకుంటుందని, అందువల్ల కొత్త అట్ట పెద్దల జ్ఞాపకాన్ని కాక నేటి బాలపాఠకుణ్ణి ఉద్దేశించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముఖచిత్రం, బాలసాహిత్యం, బుడుగు, బాపు, అక్షరరూపం, కార్వాన్.

1. ఉపోద్ఘాతం

పుస్తకంలోని అసలు రచనను చుట్టుకొని ఉండే పేరు, అట్ట, ముందుమాట వంటి అంశాలను ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ఒక గ్రంథంగా చర్చించాడు. ఆ గ్రంథం పేరుకు 'గడపలు' అని అర్థం. గడప ఇంటి లోపలిదీ కాదు, వెలుపలిదీ కాదు. లోపలికి రావాలా వద్దా అన్నది మాత్రం అక్కడే తేలుతుంది. బాలసాహిత్యంలో ఈ గడపను ఇద్దరు దాటాలి: పుస్తకం కొనే పెద్దవారు, చదివే పిల్లలు. ఇద్దరినీ ఒకే బొమ్మ ఆకర్షించనవసరం లేదు. కొత్త ముఖచిత్రపు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

2. 'బుడుగు'లో గీత, రాత

1950వ దశకంలో ఆంధ్ర పత్రిక వారపత్రికలో వెలువడిన 'బుడుగు'కు బాపు బొమ్మలు వేశారు. ఇందులో కథకుడు బుడుగే. బామ్మ, బాబాయి, నాన్న గోపాళం, అమ్మ రాధ తదితరులందరూ అతని మాటల్లోంచే మనకు పరిచయమవుతారు. రాత పిల్లవాడి నోటిని పట్టుకుంటే, గీత అతని రూపాన్ని పట్టుకుంది. కాబట్టి 'బుడుగు' అనగానే తెలుగు పాఠకునికి వాక్యంతో పాటు బొమ్మ కూడా స్ఫురిస్తుంది.

అయితే ఈ స్ఫురణ ఆ పుస్తకాన్ని ముందే ఎరిగినవారిది. బాపు గీత చూడగానే కలిగే ఆత్మీయతలో కళ ఎంత ఉందో, తమ బాల్యాన్ని తలచుకోవడమూ అంతే ఉంది. పదేళ్ల పాఠకునికి ఆ జ్ఞాపకం లేదు. పాత ముఖచిత్రాన్ని జ్ఞాపిక వలె పదేపదే ముద్రిస్తే పుస్తకం పిల్లల అర నుంచి పెద్దల అరకు చేరిపోయే అవకాశం ఉంది.

3. ఒకే కథ, వేర్వేరు అట్టలు

అట్ట పాఠకుణ్ణి ఎంచుకుంటుందనడానికి హారీ పోటర్ స్పష్టమైన ఉదాహరణ. 1997లో వెలువడిన మొదటి పుస్తకానికి లండన్ ప్రచురణకర్తలు 1998లో పెద్దల కోసం వేరే అట్టతో మరో ముద్రణ తెచ్చారు. కథలో మార్పు లేదు. మారినదల్లా ఉద్దిష్ట పాఠకుడు.

లూయీ కారల్ 'ఆలిస్' కథకు 1865లో జాన్ టెనియల్ వేసిన బొమ్మలు ఆ రచనతో విడదీయరానివిగా స్థిరపడ్డాయి. 1907లో బ్రిటన్‌లో ఆ రచన హక్కుల గడువు ముగిసిన తరువాత ఆర్థర్ రాకమ్ మొదలైన చిత్రకారులు కొత్త బొమ్మలు వేశారు. వాటివల్ల టెనియల్ చెరిగిపోలేదు. కొత్త చిత్రం పాతదాన్ని తొలగించేది కాదు, కథకు మరొక ద్వారం తెరిచేది అని ఈ చరిత్ర చెబుతుంది.

4. కార్వాన్ బాలపాఠకుడు

ఆ ద్వారం ఎవరి కోసం? దీనికి సమాధానం ఊహాత్మకంగా కాక ఒక స్థలం నుంచి వెతకాలి. హైదరాబాదు పాతబస్తీ ప్రాంతపు కార్వాన్ అందుకు తగినది. బిడారు అనే అర్థం గల పారసీక పదం నుంచి వచ్చిన ఈ పేరు గోల్కొండ నాటి వర్తకాన్ని గుర్తుచేస్తుంది. నేడు అక్కడ ఉర్దూ, తెలుగు, హిందీ పక్కపక్కనే వినిపిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో చేసిన చట్టం పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఆ విధంగా ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు పుస్తకం బడి ద్వారా పరిచయమవుతుంది. వారికి ముఖచిత్రం మొదటి పాఠం వంటిది.

ఈ పిల్లలకు 'బుడుగు' దూరమైనదేమీ కాదు. శ్రీజ్ఞానప్రసూనాంబ బుడుగు నోట 'సీగానపెసూనాంబ' అవుతుంది. శ్రీ, జ్ఞా, ప్ర అనే మూడు సంయుక్తాక్షరాలూ కరిగిపోయి పేరు తేలికపడింది. ఒత్తులతో కుస్తీ పట్టే కొత్త విద్యార్థి తన ఇబ్బందిని ఇందులో గుర్తుపట్టగలడు. పెద్దల భాషను తన నోటికి తగినట్లు మలచుకొనే ధైర్యం ఇద్దరికీ ఉమ్మడి.

5. కొత్త ముఖచిత్రం: కొన్ని ప్రతిపాదనలు

5.1. దృష్టికోణం: స్థానికత పేరుతో బుడుగును 1671 నాటి టోలీ మసీదు ముందు నిలబెట్టడం సులభం. కానీ కథలోని ఇల్లు, నుడికారం గోదావరి సీమవి. అట్ట లేని ఊరిని చూపితే లోపలికి వచ్చిన పిల్లవాడు మోసపోతాడు. స్థలాన్ని మార్చడానికి బదులు చూపు ఎత్తును మార్చడం మేలు. చీర అంచులు, పంచె కుచ్చెళ్లు, కుర్చీ కాళ్ల మధ్య నుంచి పెద్దల లోకాన్ని చూసే పిల్లవాడు ఏ ఊరి పిల్లవాడికైనా అర్థమవుతాడు. కథనం ఉత్తమ పురుషలో ఉన్నందున ఈ కోణం రచనకూ విధేయమే.

5.2. అక్షరరూపం: 'బుడుగు'లోని మూడు అక్షరాలకూ ఉకారమే. కింద ఒత్తులు లేవు. కనుక పేరును చాలా పెద్దగా రాయవచ్చు. 'బ'కు తలకట్టు లేదు, తక్కిన రెంటికీ ఉంది. వరుసగా వచ్చే మూడు కొమ్ములు, రెండు తలకట్లు ఒక లయను ఇస్తాయి. తెలుగు నేర్చుకుంటున్న పిల్లవాడు పూర్తిగా చదవగలిగిన మొదటి తెలుగు పుస్తకం పేరు ఇదే కావచ్చు. అందుచేత అలంకారం కన్నా స్పష్టత ముఖ్యం.

5.3. వెనుక అట్ట: ఇక్కడ ప్రముఖుల ప్రశంసలు పెద్దలకే ఉపయోగపడతాయి. వాటి స్థానంలో శ్రీజ్ఞానప్రసూనాంబ, సీగానపెసూనాంబ అనే రెండు రూపాలను పక్కపక్కన అచ్చువేస్తే పుస్తకం స్వభావం ఒక్క చూపులో తెలుస్తుంది.

6. హక్కులు, మర్యాద

1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత లేదా చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. రమణ 2011లో, బాపు 2014లో కన్నుమూశారు. కాబట్టి రచనకు 2071 చివరి వరకు, బొమ్మలకు 2074 చివరి వరకు రక్షణ ఉంటుంది. హక్కుదారుల అనుమతి లేకుండా కొత్త అట్టతో పుస్తకాన్ని ప్రచురించడం గాని, బాపు బొమ్మకు రంగులు మార్చి వాడడం గాని తగదు. అనుమతి లభించినా బాపు గీతను అనుకరించడం కన్నా లోపలి పుటల్లో ఆ బొమ్మలను యథాతథంగా ఉంచి, అట్టను వేరొక చేతికి అప్పగించడం ఉచితం. అనుకరణలో గౌరవం కనబడవచ్చు గాని కొత్త చూపు పుట్టదు.

7. ముగింపు

ప్రసిద్ధ కథకు కొత్త ముఖచిత్రం వేయడం పాత చిత్రకారునితో పోటీ కాదు. మార్చవలసినది కథ కాదు, దాని నేపథ్యం కాదు, అట్ట ఎవరితో మాట్లాడుతున్నది అన్న అంశం మాత్రమే. 'బుడుగు'ను ఇంతకాలం కాపాడినవారు దానిని చదివిన పెద్దలు. ఇకపై దానిని నిలబెట్టవలసినవారిలో, కార్వాన్‌లోని బడి సంచిలో తెలుగు వాచకం కొత్తగా పెట్టుకున్న పిల్లవాడు కూడా ఉన్నాడు.