హామ్ రేడియో పోటీలు: ఆకాశంలోనూ వంతు మర్యాద

మన పల్లెల్లో చెరువు నీటికి వంతు ఉన్నది. ఏ మడికి ఎప్పుడు నీరు పారాలో నీరుగంటి చూచుకొనేవాడు. వంతు తప్పి తూము తెరిచినవాడు ఊరి ముందర నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. రేడియో అలలు కూడా చెరువు నీటివంటి ఉమ్మడి సొత్తే. అయితే ఆకాశంలో నీరుగంటి లేడు. వాడుకొనే ప్రతివాడూ తన హద్దును తానే కాచుకోవాలి. హామ్ రేడియో పోటీల మర్యాద అంతా ఈ ఒక్క మాట చుట్టూ అల్లుకొన్నదే.

లాభాపేక్ష లేకుండా, విజ్ఞానం కోసమూ స్నేహం కోసమూ సొంత రేడియో కేంద్రం నడుపుకొనేవారిని హామ్‌లంటారు. ఇందుకు కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మన దేశంలో వారి గుర్తింపు పేర్లు ఎక్కువగా వీయూ2, వీయూ3 అక్షరాలతో మొదలవుతాయి. ఆ పేరును బట్టి మనిషిది ఏ రాష్ట్రమో, ఏ భాషో తెలియదు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు నేలమీద ఎల్లలు మారాయి గాని, రేడియో అల మాత్రం ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగదు.

పోటీ ఎట్లా జరుగుతుంది?

ప్రపంచంలోని పెద్ద పోటీలలో సీక్యూ వరల్డ్ వైడ్ ఒకటి. ఏటా అక్టోబరు చివరి వారాంతంలో మాటలతోనూ, నవంబరు చివరి వారాంతంలో మోర్స్ సంకేతాలతోనూ జరుగుతుంది. మన కాలమానం ప్రకారం శనివారం ఉదయం 5.30కు మొదలై సోమవారం ఉదయం 5.30కు ముగుస్తుంది, అంటే 48 గంటలు. ఆ వ్యవధిలో వీలైనన్ని దేశాల, మండలాల వారిని పలకరించాలి. సంభాషణ చాలా చిన్నది. ఎదుటివారి పేరు, ధ్వని నాణ్యత తెలిపే అంకె, మండలం సంఖ్య చెప్పుకొంటే చాలు. మన ప్రాంతం 22వ మండలం, అండమాన్ 26వ మండలం. విన్న పేరును తప్పుగా వ్రాసుకొంటే ఆ మార్కులు పోవడమే గాక అదనంగా కోత కూడా పడుతుంది. కనుక తొందర కన్న శ్రద్ధకే విలువ ఎక్కువ.

చోటు ఎంత?

హామ్‌లు మిక్కిలి ఇష్టపడే పట్టీలలో ఒకటి 14.000 నుండి 14.350 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నది. అంటే 350 కిలోహెర్ట్జ్. ఒక్కరి మాటకు సుమారు 3 కిలోహెర్ట్జ్ కావాలి. పట్టీ అంతా మాటలకే ఇచ్చినా నూటపదహారు గొంతులకు మించి పక్కపక్కన పట్టవు. అందులోనూ కొంత భాగం మోర్స్‌కు విడవాలి. పోటీనాడు ఆ ఇరుకులోకి వేల మంది వస్తారు. మర్యాద లేకపోతే అది సంత గోలే.

అందుకే మొదటి నియమం వినడం. ఖాళీగా తోచిన చోట వెంటనే పిలవకూడదు. ఇద్దరు మాట్లాడుకొంటున్నప్పుడు ఒకరి అల మన తలమీదుగా దాటిపోయి, మనకు వినబడకపోవచ్చు. ఆ మనిషి మాట్లాడుతున్నంతసేపూ మనకు నిశ్శబ్దమే. కనుక కాసేపు విని, “ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉన్నదా?” అని అడిగి, ఆగి, మరల అడగాలి. ఉన్నదని జవాబు వస్తే వాదించక పక్కకు జరగాలి. నిన్న వాడుకొన్నానని నేడు హక్కు రాదు.

రెండవది, అవసరానికి మించిన శక్తి వాడరాదు. ధ్వనిని అతిగా పెంచితే మాట చెదరి పక్కవారి చోటులోకి పొర్లుతుంది. మూడవది, అరుదైన కేంద్రం పలికినప్పుడు వందలమంది ఒకేసారి పిలుస్తారు. ఆ కేంద్రంవారు పేరులో కొన్ని అక్షరాలే పలికి జవాబిస్తే, ఆ అక్షరాలు తమవి కానివారు ఊరుకోవాలి. 10, 18, 24 మెగాహెర్ట్జ్ పట్టీలలో పోటీలు పెట్టరాదన్నది హామ్‌ల ఉమ్మడి ఒప్పందం. పోటీ ఇష్టం లేనివారికి అవి తావులు.

శ్రీహరికోట నుండి 2005 మే 5న ఎగిరిన హామ్‌శాట్ ఉపగ్రహం 2014 వరకు ఈ పాఠాన్నే నేర్పింది. దాని శక్తిని అందరూ పంచుకోవాలి. ఒకరు గట్టిగా పంపితే ఆ శక్తి అటే పోయి, బలహీనమైన గొంతులు మునిగిపోయేవి.

ఆట ఆగిన రోజు

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుండి రేడియో నడుపుతున్నది. అరుదైన చోటు కనుక ప్రపంచం నలుమూలల నుండి పిలుపులు పోటెత్తేవి. డిసెంబరు 26న సునామీ వచ్చింది. బృందం ఆ పలకరింపులు ఆపి, అవే యంత్రాలతో ఆపద సందేశాలు అందించసాగింది. అటువంటి గడియలో ఇతరులు చేయగల సాయం ఒక్కటే: ఆ ఫ్రీక్వెన్సీని విడిచి మౌనంగా ఉండటం. మార్కుల కోసం ఆగకుండా పిలిచేవాడి అరుపు క్రింద ఒక తల్లి క్షేమవార్త అణగిపోవచ్చు. అందుకే పోటీలలో సైతం 14.300 వంటి ఆపత్కాల ఫ్రీక్వెన్సీలకు దూరం పాటిస్తారు.

ఇది మనకు దూరపు కథ కాదు. మన జిల్లాకు పళవేర్కాడు వద్ద సముద్రతీరం ఉన్నది. 2015 డిసెంబరు వరదలలో చెన్నై చుట్టుపక్కల సెల్‌ఫోన్లు అనేక చోట్ల మూగబోయాయి. అట్టి సమయానికి ఊరిలో రేడియో తెలిసినవారు ఒక్కరున్నా మేలే.

పన్నెండేళ్ళు నిండిన పిల్లలు ఈ అనుమతి పరీక్ష వ్రాయవచ్చు. అంతకుముందు వినడం నేర్చుకొంటే మంచిది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటీ విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉంచిన రేడియో గ్రాహకం ద్వారా పోటీలను ఎవరైనా వినవచ్చు. మా తరగతిలో నేను ఒక చిన్న అభ్యాసం చేయిస్తాను. ఇద్దరు పిల్లలు ఒకేసారి రెండు ఊళ్ళ పేర్లు చెప్పాలి, మూడవవాడు వ్రాయాలి. ఏ ఊరి పేరూ సరిగా రాదు. ఒకరి తరువాత ఒకరు చెప్పగానే రెండూ పలకమీదికి వస్తాయి. తల్లిదండ్రులు ఇంట్లోనూ ఇది చేయించి చూడవచ్చు. వంతు అంటే ఏమిటో పిల్లలకు వేరే బోధించనక్కరలేదు.