వెబ్ పేజీకి వెలుపల యానిమేషన్ సాఫ్ట్‌వేర్

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• యానిమేషన్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు, దానిని చూపించే ప్లేయర్‌కు గల తేడాను వివరించగలరు.
• టెలివిజన్, సినిమా, ప్రదర్శనశాల, ముద్రణ రంగాలలో ఈ సాఫ్ట్‌వేర్ ఉపయోగాలను తెలుపగలరు.
• మీరు చేసిన పనిని చాలాకాలం నిలిచేలా భద్రపరచుకోగలరు.

1. పరిచయం

టైమ్‌లైన్, కీఫ్రేమ్, ట్వీన్, సింబల్ అనే అంశాలను మీరు ఇదివరకే నేర్చుకున్నారు. ఫ్లాష్ అనగానే చాలామందికి వెబ్ పేజీలో కదిలే ప్రకటనే గుర్తుకు వస్తుంది. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే పేరుతో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ మాక్రోమీడియా సంస్థ చేతికి వెళ్ళి ఫ్లాష్‌గా మారింది. తరువాత అది అడోబీ సంస్థకు దక్కింది. బ్రౌజరులో ఈ ఫైళ్ళను నడిపించే ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిపివేసింది. దానితో ఎన్నో పాఠాలు, ఆటలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆగిపోయింది ప్లేయర్ మాత్రమే. బొమ్మలను గీసి కదిలించే సాఫ్ట్‌వేర్ 2016 నుంచి అడోబీ యానిమేట్ అనే పేరుతో కొనసాగింది. దానితో టీవీ కార్టూన్లు తీసినవారికి ప్లేయర్ ఆగిపోవడం వల్ల ఇబ్బంది రాలేదు. ఎందుకంటే వారి పని చివరికి వీడియోగా మారి ప్రేక్షకులకు చేరింది. కాబట్టి మీరు నేర్చుకున్న విద్య ఒక్క వెబ్ పేజీకే పరిమితం కాదు.

2. తోలుబొమ్మ – సింబల్

మన తోలుబొమ్మను ఒకసారి గుర్తుచేసుకోండి. ఆంధ్ర ప్రాంతపు తోలుబొమ్మలకు నడుము, భుజం, మోచేయి, మోకాలు దగ్గర అతుకులు ఉంటాయి. ప్రతి భంగిమకూ కొత్త బొమ్మ చేయనవసరం లేదు. ఉన్న ముక్కలనే కదిలిస్తే చాలు.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోని సింబల్ కూడా ఇదే పని చేస్తుంది. తల, చేయి, కాలు విడివిడిగా గీసి లైబ్రరీలో ఉంచుతారు. కావలసినప్పుడల్లా తీసి టైమ్‌లైన్ మీద తిప్పుతారు. పైగా ఇవి వెక్టర్ బొమ్మలు. అంటే గీతలు, వంపులు గణిత రూపంలో నిలువ ఉంటాయి. అందువల్ల చిన్న తెరకు గీసిన బొమ్మను పెద్ద తెరకు పెంచినా అంచులు మసకబారవు. వెబ్ కోసం చేసిన ఈ ఏర్పాటే ఇతర రంగాలలోనూ ఉపయోగపడింది.

3. టెలివిజన్, సినిమా

2004లో మొదలైన ఫోస్టర్స్ హోమ్ ఫర్ ఇమాజినరీ ఫ్రెండ్స్, 2010లో మొదలైన మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్ ధారావాహికల యానిమేషన్‌లో ఫ్లాష్‌ను ఉపయోగించారు. రామాయణాన్ని ఆధారం చేసుకుని అమెరికన్ కళాకారిణి నీనా పేలీ తీసిన సీతా సింగ్స్ ది బ్లూస్ (2008) అనే పూర్తి నిడివి చిత్రంలో పాటల భాగాలు ఫ్లాష్‌లో తయారయ్యాయి. ఆ చిత్రపు యానిమేషన్ దాదాపు అంతా ఆమె ఒక్కరే చేశారు.

ఈ చిత్రం మరొక పాఠం కూడా చెబుతుంది. ఇందులో అనెట్ హాన్‌షా పాడిన 1920ల నాటి పాటలను వాడారు. రికార్డులు పాతవే అయినా ఆ పాటల రచన మీద హక్కులు అప్పటికి ఇంకా సంస్థల చేతిలోనే ఉండేవి. చిత్రాన్ని విడుదల చేయడానికి ఆమె ఆ సంస్థలతో సుమారు 50,000 డాలర్లకు ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. మీరు చిన్న వీడియో చేసినా సంగీతం హక్కులను ముందే సరిచూసుకోండి.

వీడియో కోసం పనిచేసేటప్పుడు రెండు జాగ్రత్తలు పాటించాలి.

మొదటిది ఫ్రేమ్ వేగం. ఫ్లాష్ పాత వెర్షన్లలో ఇది సెకనుకు 12 ఫ్రేములుగా ఉండేది. సినిమాకు 24, మన దేశపు టీవీ ప్రసారానికి 25 ఫ్రేములు వాడుతారు. 12 ఫ్రేముల వేగంతో చేసిన 300 ఫ్రేముల దృశ్యం 25 సెకన్లు నడుస్తుంది. అదే దృశ్యాన్ని 25 ఫ్రేముల వేగానికి మార్చితే 12 సెకన్లలోనే ముగుస్తుంది. మాటలకు, పెదవుల కదలికకు పొంతన తప్పుతుంది. అందుచేత మొదటి గీత గీయక ముందే వేగాన్ని నిర్ణయించుకోవాలి.

రెండవది సింబల్ రకం. మూవీ క్లిప్ లోపలి కదలిక టైమ్‌లైన్‌ను చేత్తో జరిపి చూసినప్పుడు కనిపించదు. పాత వెర్షన్లలో వీడియోగా ఎగుమతి చేసినా ఆ కదలిక వచ్చేది కాదు. గ్రాఫిక్ సింబల్ ప్రధాన టైమ్‌లైన్‌తో పాటే కదులుతుంది. అందువల్ల టీవీ పనికి గ్రాఫిక్ సింబల్ అనువైనది.

4. బ్రౌజరు లేని తెర

ఫ్లాష్‌లో ప్రొజెక్టర్ అనే సదుపాయం ఉండేది. దీనిలో ఫైలుతో పాటు ప్లేయర్ కూడా కలిసిపోయి, బ్రౌజరు లేకుండానే నడిచే ఒకే ప్రోగ్రాంగా తయారవుతుంది. సీడీ పాఠాలకు, ప్రదర్శనశాలలో సందర్శకులు తాకి చూసే తెరలకు ఇది అనుకూలం. చెక్ దేశపు అమనీతా డిజైన్ సంస్థ 2009లో విడుదల చేసిన మషినారియం అనే ఆటను కూడా ఫ్లాష్‌లోనే రూపొందించి, కంప్యూటర్‌లో నేరుగా నడిచేలా అమ్మారు.

మీ ఊరి గ్రంథాలయానికో పాఠశాలకో ఇటువంటి పని ఈ రోజు చేయవలసి వస్తే, తాకవలసిన అవసరం లేనిచోట ఎంపీ4 వీడియోను పదేపదే నడిచేలా ఉంచడం అన్నిటికంటే సులభం.

5. కాగితం మీద

యానిమేషన్‌ను ముద్రించవచ్చు కూడా. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున 5 సెకన్ల దృశ్యానికి 60 బొమ్మలు వస్తాయి. వాటిని వరుస పీఎన్‌జీ ఫైళ్ళుగా ఎగుమతి చేసి, కాగితానికి 10 చొప్పున ముద్రిస్తే 6 కాగితాలు సరిపోతాయి. కత్తిరించి, వరుసలో పేర్చి, ఒక అంచున బిగిస్తే బొటనవేలితో తిప్పి చూసే పుస్తకం తయారవుతుంది. కంప్యూటరు లేని తరగతి గదిలో గింజ మొలకెత్తడాన్నో చంద్రకళలనో పిల్లలకు దీనితో చూపవచ్చు.

6. మీ పనిని భద్రపరచుకోవడం

ఒకే సంస్థ ప్లేయర్ మీద ఆధారపడిన పని ఆ ప్లేయర్‌తో పాటే మూతపడుతుంది. రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాం సహాయంతో ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నుంచి పాత ఫ్లాష్ ఫైళ్ళను తిరిగి చూపుతున్నది. అయితే ఎవరో కాపాడతారని ఎదురుచూడకుండా ఈ పద్ధతులను పాటించండి:
• అసలు ఫైలుతో పాటు ఎంపీ4 వీడియోను, వరుస పీఎన్‌జీ బొమ్మలను దాచండి.
• ముఖ్యమైన బొమ్మలను ఎస్‌వీజీ రూపంలో ఉంచండి.
• తెలుగు అక్షరాల ఫాంటు మరో కంప్యూటరులో లేకపోతే అక్షరాలు మారిపోతాయి. అందువల్ల ఒక ప్రతిలో అక్షరాలను ఆకారాలుగా మార్చి, వత్తులు, గుణింతాలు సరిగా ఉన్నాయో చూడండి. మార్పులు చేయడానికి వీలుగా పాఠాన్ని యూనికోడ్‌లో వేరుగా ఉంచండి.

కొనుగోలు చేసే స్తోమత లేనివారు సిన్‌ఫిగ్, పెన్సిల్2డీ, ఓపెన్‌టూన్జ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లతో సాధన చేయవచ్చు. మెనూలు వేరైనా టైమ్‌లైన్, కీఫ్రేమ్ భావనలు అవే.

7. సారాంశం

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బొమ్మలను తయారుచేసే సాధనం. వెబ్ పేజీ ఆ బొమ్మలు చేరే గమ్యాలలో ఒకటి మాత్రమే. గమ్యాన్ని ముందుగా నిర్ణయించుకుని, ఫ్రేమ్ వేగాన్ని, సింబల్ రకాన్ని దానికి తగినట్లు ఎంచుకోవాలి. పనిని ఒకటికి మించిన రూపాలలో దాచుకుంటే, సాఫ్ట్‌వేర్ పేరు మారినా మీ శ్రమ వృథా కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయినా టీవీ కార్టూన్ల పని ఆగకపోవడానికి కారణం ఏమిటి?
2. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో 20 సెకన్ల దృశ్యానికి ఎన్ని ఫ్రేములు కావాలి?
3. వీడియో పనికి గ్రాఫిక్ సింబల్ ఎందుకు అనువైనది?
4. మీకు తెలిసిన ఒక వృత్తి పనిని 60 బొమ్మలలో చూపేలా ప్రణాళిక తయారుచేయండి.