మడ అడవి – తీరానికి కంచె

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రకృతి సంపదను కాపాడవలెనని అందరూ అంటారు. కాపాడటానికి ఏయే పనులు చేయవలసి ఉంటుంది, అందుకు కావలసిన ధనం ఎక్కడి నుంచి వస్తుంది, ఆ బాధ్యత ఎవరెవరిది అనే విషయాలను గోదావరి ముఖద్వారంలోని కోరంగి అభయారణ్యం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ధవళేశ్వరం దాటిన గోదావరి పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. గౌతమికి, వసిష్ఠకు నడుమ ఏర్పడిన సారవంతమైన భూమి కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలను తలచుకోగానే కొబ్బరితోటలు, అరటితోటలు, వరిచేలు, కాలువగట్లు కళ్లముందు మెదులుతాయి. ఈ పచ్చదనానికి అంచున, నదీజలం సముద్రజలంతో కలిసే చోట, తనంతట తాను పెరిగిన మరొక పచ్చదనం ఉన్నది. అదే మడ అడవి. కొబ్బరితోటకు యజమాని ఉంటాడు. అతడు ఏటా ఎరువు వేస్తాడు, గట్టు సరిచేస్తాడు, తోటను కనిపెట్టి ఉంటాడు. మడ అడవికి అటువంటి యజమాని లేడు, అది అందరిది. అందరిదీ అయిన సంపదను ఎవరు కాపాడాలి? అందుకయ్యే వ్యయాన్ని ఎవరు భరించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం మీదనే ఆ అడవి భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.

మడ అడవులు ఉప్పునీటిలో, బురదనేలలో పెరుగుతాయి. మడ, తిల్ల, పొన్న వంటివి ఇందులోని ముఖ్యమైన చెట్లు. బురదలో గాలి ఆడదు కనుక మడచెట్టు తన వేళ్లను నేలపైకి పంపి గాలి పీల్చుకొంటుంది. పొన్నచెట్టు గింజ తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, ఆ తరువాత బురదలోకి జారి నాటుకొంటుంది. అల్లుకుపోయిన ఈ వేళ్ల నడుమ రొయ్యలు, పీతలు, చేపల పిల్లలు పెరుగుతాయి. అవి పెద్దవై సముద్రంలోకి వెళ్లిన తరువాతనే మత్స్యకారుల వలలో పడతాయి. అందువల్ల మడ అడవి చేపలకు పురిటిగది వంటిది. బావురుపిల్లులు, నీటికుక్కలు, నక్కలు, నూరుకు పైగా పక్షిజాతులు ఇక్కడ ఆశ్రయం పొందుతున్నవి. అడవిని ఆనుకొని ఉన్న ఇసుకదిబ్బల మీదికి చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి.

వీటన్నిటికంటె గొప్ప మేలు మరొకటి ఉన్నది. దట్టమైన మడ అడవి ఉప్పెన వేగాన్ని తగ్గిస్తుంది. తుపానుల చేదు అనుభవం ఈ తీరానికి కొత్త కాదు. ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరు పొందిన కోరంగి రేవు 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలకు దెబ్బతిని తన వైభవాన్ని కోల్పోయింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. వేయిమందికి పైగా మరణించారు, గల్లంతయ్యారు. కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడులోని పిచ్చావరం వద్ద మడ అడవుల చాటున ఉన్న గ్రామాలకు నష్టం తక్కువగా జరిగిందని పరిశీలకులు గుర్తించారు. తీరగ్రామాలకు మడ అడవి ఒక కంచె అని ఈ అనుభవాలు చెబుతున్నవి.

ఈ కంచెను కాపాడటానికి చట్టం అవసరమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. జంతువులకు, పక్షులకు ఆశ్రయమైన ప్రదేశాలను అభయారణ్యాలుగాను, జాతీయ పార్కులుగాను ప్రకటించే అధికారాన్ని ఆ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. జాతీయ పార్కులో నిబంధనలు మిక్కిలి కఠినం. అభయారణ్యంలో అనుమతితో కొన్ని హక్కులు కొనసాగే వీలున్నది. 1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ అడవులను, వన్యప్రాణులను ఉమ్మడి జాబితాలో చేర్చింది. దానితో ఈ విషయంలో కేంద్రానికి, రాష్ట్రానికి ఉమ్మడి బాధ్యత ఏర్పడింది. 1978లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గౌతమి ముఖద్వారంలోని సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కోరంగి అభయారణ్యంగా ప్రకటించింది.

గౌతమికి దక్షిణాన, కోనసీమ వైపున కూడా మడ అడవులు ఉన్నవి. మసానితిప్ప, బలుసుతిప్ప, కందికుప్ప వంటి చోట్ల అవి రిజర్వు అడవులుగా ఉన్నవే గాని అభయారణ్యంలో భాగం కావు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరు జిల్లా అయినది. పోటుపాట్లకు, చేపపిల్లలకు ఈ హద్దులు తెలియవు. అభయారణ్యం ఒక్కటే బాగుండి, దాని పొరుగున ఉన్న అడవి క్షీణిస్తే కంచె సగమే నిలిచినట్లవుతుంది.

అభయారణ్యంగా ప్రకటించడం ఒకనాటి పని. కాపాడటం అనుదినం చేయవలసిన పని. పాయలలో పడవల మీద తిరిగి నిఘా పెట్టాలి. అందుకు సిబ్బంది, పడవలు, ఇంధనం కావాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కుక్కల నుంచి, నక్కల నుంచి ఆ గుడ్లను కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదలాలి. పక్షుల గణన, జంతువుల గణన జరపాలి. హద్దులు కొలిచి గుర్తులు పాతాలి. చూడవచ్చే వారికి నడకదారులు, పడవలు, భద్రత ఏర్పాటు చేయాలి.

క్షీణించిన అడవిని తిరిగి పెంచడం వీటిలో శ్రమతో కూడిన పని. పోటునీరు లోపలికి రాక, వచ్చినది వెనుకకు పోక నిలిచిపోయిన చోట నేల మీద ఉప్పు పేరుకొంటుంది. అక్కడ ఏ మొక్కా బ్రతకదు. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీశాఖతోను, గ్రామస్థులతోను కలిసి గోదావరి మడ అడవులలో దీనికొక మార్గాన్ని అనుసరించింది. ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేటట్లు చేశారు. ఉప్పు కొట్టుకొనిపోయిన తరువాత గట్ల వెంట మడ మొక్కలు నాటారు. ఈ పద్ధతి ఫలించింది. అయితే కాలువలలో మళ్లీ బురద చేరుతుంది. దానిని ఎప్పటికప్పుడు తీయకపోతే మొదట పడిన శ్రమ వ్యర్థమవుతుంది. ఆనకట్ట కట్టినంత మాత్రాన పొలానికి నీరు రాదు, ఏటా కాలువ పూడిక తీయాలి అనే సంగతి కోనసీమ రైతుకు చెప్పనక్కరలేదు. అడవి సంగతి కూడా అంతే.

మరి ఈ వ్యయానికి ధనం ఎక్కడిది? మొదటి ఆధారం రాష్ట్ర బడ్జెట్టు. సిబ్బంది జీతభత్యాలు ప్రధానంగా దాని నుంచే వస్తాయి. రెండవది కేంద్రప్రభుత్వ సహాయం. వన్యప్రాణుల ఆవాసాల సమగ్రాభివృద్ధి పథకం కింద ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలలో నూటికి 60 వంతులు కేంద్రం, 40 వంతులు రాష్ట్రం భరిస్తాయి. రక్షిత ప్రాంతాల వెలుపల ఉన్న వన్యప్రాణుల సంరక్షణకు కూడా ఈ పథకంలో వీలున్నది. కందికుప్ప వంటి అడవులకు ఇది ఆశ కల్పించే అంశం. మూడవది పరిహార నిధి. గనులకు, ప్రాజెక్టులకు అటవీభూమిని తీసుకొన్నవారు చెల్లించే సొమ్ము ఇందులో చేరుతుంది. 2016లో చేసిన చట్టం ప్రకారం ఈ సొమ్ములో నూటికి 90 వంతులు రాష్ట్రానికి, 10 వంతులు జాతీయ నిధికి చెందుతాయి. ఇవికాక, 2023–24 కేంద్ర బడ్జెట్టులో మడ అడవుల పెంపకం కోసం ‘మిష్టి’ అనే ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రకటించారు.

నాల్గవది సందర్శకుల నుంచి వచ్చే రాబడి. కోరంగిలో చెక్కలతో వేసిన నడకదారి మీద అడవి మధ్యకు నడచిపోవచ్చును. పాయలలో పడవ మీద విహరింపవచ్చును. ఇక్కడ ఒక చిక్కున్నది. రాజ్యాంగంలోని 266వ అధికరణం ప్రకారం ప్రభుత్వానికి వచ్చే రాబడి సంచితనిధిలో చేరాలి. శాసనసభ ఆమోదంతోనే అది తిరిగి ఖర్చవుతుంది. కాబట్టి అడవిలో వచ్చిన రూపాయి అడవికే తిరిగి వస్తుందనే నమ్మకం లేదు. పులుల అభయారణ్యాల విషయంలో 2006లో చట్టాన్ని సవరించి, ప్రత్యేక ఫౌండేషన్ల ద్వారా రాబడిని అక్కడే వినియోగించే వీలు కల్పించారు. ఇతర ప్రాంతాలలో గ్రామస్థుల సమితుల ద్వారా పర్యాటకం నడిపే పద్ధతి ఆ కొరతను కొంతవరకు తీరుస్తుంది. పడవ నడిపేవారు, దారి చూపేవారు, వంట చేసేవారు స్థానికులే అయితే, అడవి నిలిచి ఉండటం వారికి ప్రత్యక్షమైన లాభం అవుతుంది.

ఈ విషయంలో ఇతర దేశాల అనుభవం గమనింపదగినది. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత పార్కుల వ్యవస్థ ఉన్నది. 2011లో కాలిఫోర్నియా రాష్ట్రం బడ్జెట్టు లోటు వలన డెబ్బై పార్కులను మూసివేయనున్నట్లు ప్రకటించవలసి వచ్చింది. విరాళాలు, ఒప్పందాలు తోడై వాటిలో అధిక భాగం మూతపడకుండా నిలిచాయి. మిస్సోరి రాష్ట్రం మరొక దారి పట్టింది. 1984లో అక్కడి ప్రజలు ఓటు వేసి, అమ్మకాల మీద నూటికి పదోవంతు పన్ను విధించుకొన్నారు. అంటే వంద రూపాయల కొనుగోలుకు పది పైసలన్నమాట. అందులో సగం పార్కులకు, సగం నేలకోత నివారణకు పోతుంది. 2016లో కూడా ప్రజలు ఓటుతో దానిని కొనసాగించారు. ఆ రాష్ట్ర పార్కులలో ప్రవేశ రుసుము లేదు. ప్రతివారూ కొద్దికొద్దిగా ఇచ్చినప్పుడు ఎవరికీ భారం కాదని, ఏటా వచ్చే నిలకడైన రాబడి ఒక్కసారి వచ్చే పెద్దమొత్తం కంటె మేలని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

గోదావరి తీరంలో కూడా ఇటువంటి ఆలోచన జరిగింది. కాకినాడ పరిసరాలలో రేవులు, ఎరువుల కర్మాగారాలు, చమురు, సహజవాయు సంస్థలు, రొయ్యల చెరువులు ఉన్నవి. ఇవన్నీ ఈ ముఖద్వారం మీద ఆధారపడినవే, దాని మీద భారం మోపేవే. 2011 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి సహాయంతో సుమారు అరవై లక్షల డాలర్ల గ్రాంటుతో ఒక ప్రాజెక్టు నడిచింది. ప్రభుత్వ శాఖలను, పరిశ్రమలను, మత్స్యకారులను ఒక వేదిక మీదికి తేవటానికి ఈగ్రీ ఫౌండేషన్ అనే సంస్థ ఏర్పడింది. విదేశీ సహాయం కొన్నాళ్లకు ముగుస్తుంది. అది ముగిసిన తరువాత కూడా పని సాగాలంటే ఇటువంటి స్థానిక సంస్థలు బలంగా నిలవాలి.

ధనం ఒక్కటే సమస్య కాదు. అభయారణ్య నిబంధనల వలన కట్టెలకు, పశుగ్రాసానికి, వేటకు తరతరాలుగా ఈ పాయల మీద ఆధారపడిన పేద కుటుంబాలు మొదట నష్టపోతాయి. అడవి వల్ల కలిగే మేలు తీరమంతటికీ చెందుతుంది; దానిని కాపాడే కష్టం మాత్రం అంచున ఉన్న పల్లెలపై పడుతుంది. ఈ అన్యాయాన్ని సరిదిద్దకుండా ఎంతమంది కాపలాదారులను పెట్టినా ప్రయోజనం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ప్రారంభమైన ఉమ్మడి అటవీ యాజమాన్యం ఈ సత్యాన్ని గుర్తించింది. వన సంరక్షణ సమితుల ద్వారా గ్రామస్థులకు బాధ్యతతో పాటు ఫలంలో భాగం కూడా కల్పించింది. తాబేళ్ల గుడ్లకు కావలి ఉండే పని మత్స్యకార యువకులకు అప్పగిస్తే, వారికి కూలి దొరుకుతుంది, తాబేలుకు రక్షణ దొరుకుతుంది.

అయితే టిక్కెట్ల రాబడితోనే అడవి తనను తాను పోషించుకోవాలని కోరడం న్యాయం కాదు. నడకదారి మీద నడిచే సందర్శకుడు చూసినదానికి వెల చెల్లిస్తాడు. కాని ఉప్పెన వేగం తగ్గినందుకు ఎవరూ టిక్కెట్టు కొనరు. వలలో పడిన రొయ్య ఏ మడచెట్టు వేళ్ల మధ్య పెరిగిందో ఎవరూ లెక్క వ్రాయరు. వెల కట్టలేని ఈ మేలు అందరికీ అందుతున్నది కనుక, అందరి సొమ్ము అయిన ప్రభుత్వ ధనం నుంచి నిలకడగా కొంత భాగం దానికి కేటాయించడం ధర్మం. లాభం పొందే పరిశ్రమలు తమ వంతు ఇవ్వాలి. సందర్శకుల రాబడి ఆ పల్లెలకే చేరాలి.

మడచెట్టు పెరగటానికి ఏళ్లు పడుతుంది, నరకటానికి ఒక పూట చాలు. 1996 నాటి తుపానును చూసిన పెద్దలు కోనసీమలో ఇంకా ఉన్నారు. వారి అనుభవాన్ని వినిన యువతరం, ప్రశాంతంగా ఉన్న సంవత్సరాలలోనే ఈ కంచెను పోషించవలెనని గ్రహించాలి. ఉప్పెన వచ్చిన నాడు అడవిని నాటలేము.

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. మడ అడవిని చేపలకు పురిటిగది అని ఎందుకు అన్నారు?
2. క్షీణించిన మడ అడవిని తిరిగి పెంచే పద్ధతిని వివరించండి.
3. మిస్సోరి రాష్ట్రంలో పార్కులకు నిధులు ఎట్లా సమకూరుతున్నవి?

ఆ. క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు వ్రాయండి.
1. అభయారణ్యాల నిర్వహణకు నిధులు లభించే మార్గాలను, వాటిలోని చిక్కులను వివరించండి.
2. ‘టిక్కెట్ల రాబడితోనే అడవి తనను తాను పోషించుకోవాలని కోరడం న్యాయం కాదు’ – ఈ అభిప్రాయాన్ని చర్చించండి.
3. మీ ప్రాంతంలో అందరికీ చెందిన ఒక చెరువునుగాని, తోటనుగాని ఎంచుకొని, దాని సంరక్షణ బాధ్యత ఎవరు వహిస్తున్నారో తెలుసుకొని ఒక వ్యాసం వ్రాయండి.