మైలేజెంత అని అడుగుతం, స్టార్లెన్ని అని అడుగం

మన దిక్కు కారంటె చాన ఏండ్లు ఒక్కటే పేరు, మారుతి. "మారుతి కొన్నడట" అంటె చాలు, ఏ మోడలని గూడ అడుగకపోదురు. ఇప్పటికి గూడ ఊళ్ళె ఎవలన్న సెకండ్ హ్యాండుల మొదటి కారు కొంటున్నరంటె గది ఆల్టోనో, వ్యాగనారో, పాత డిజైరో అయ్యుంటది. పెండ్లి బేరాల్ల గూడ గివే పేర్లు. గా ముచ్చట మీద నాకు మస్తు కోపమున్నది గని, ఇయ్యాల గది పక్కకు వెడుదం.

దేశంల అమ్ముడువొయ్యే ప్రతి పది కార్లల్ల దాదాపు నాలుగు ఈ ఒక్క కంపెనీయే. దీనెనుకున్నది సుజుకి అనే జపాన్ కంపెనీ. మన తమ్ముళ్లకు కార్ల వీడియోలు కొట్టినపిండి, ఏ ఇంజన్ ఎన్ని సీసీలో నిద్రల లేపి అడిగినా చెప్తరు. గని ఈ కార్లు గిట్లనే ఎందుకుంటయో, ఇంత తేలికగ, ఇంత చవకగ, ఇన్ని కిలోమీటర్లు ఎట్ల ఇస్తయో తెల్వాల్నంటె కంపెనీ పుట్టిన కాడికి పోవాలె. మనం దాన్ని మెచ్చుకునేది, తిట్టేది రెండు ఆ ఒక్క చెట్టు కాయలే.

సుజుకి మొదలు కార్ల కంపెనీ కాదు, మగ్గాల కంపెనీ. జపాన్ల హమమత్సు దగ్గర పత్తి పండించే రైతు కుటుంబంల 1887ల మిచియో సుజుకి పుట్టిండు. చిన్నప్పుడు వడ్ల పనికి కుదిరి, చెక్క పనిల చెయ్యి తిరిగినంక 1909ల మగ్గాలు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టుకున్నడు. మొదటి మగ్గం వాళ్ల అమ్మ కోసమే చేసిండని చెప్పుకుంటరు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం, అమ్మ భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసిన సంగతి మనకు ఎరుకే. జపాన్ల గూడ గసొంటి కథలే. టొయోటా పుట్టింది గూడ మగ్గాల ఇంట్లనే. సిరిసిల్లల సాంచెల చప్పుడు నడుమ పెరిగినోళ్లకు ఇది ఇంకా మంచిగ అర్థమైతది. దారం తెగకుంట, పడుగు చెదరకుంట గంటల తరబడి ఆడే మిషన్ చేసుడు చిన్న పని కాదు.

మిచియోకు వచ్చిన చిక్కేందంటె మగ్గం గట్టిగ చేస్తె అది ఏండ్లకేండ్లు నడుస్తది. ఒక్కసారి కొన్నోడు మళ్ల కొనడు. అందుకే 1937ల చిన్న కారు చేద్దామని పని షురూ చేసిండు. ఇంగ్లండోళ్ల ఆస్టిన్ సెవెన్ కారొకటి కొని, విప్పి చూసి నమూనాలు చేసిండ్రు. ఇంతల యుద్ధం వచ్చింది, కారు ముచ్చట ఆగిపాయె. యుద్ధం అయిపోయినంక మళ్ల మగ్గాలు. 1951ల నూలు మార్కెట్ కుప్పకూలి ఆ మగ్గాలకు గూడ గిరాకి లేకుంట అయింది. అప్పుడు 1952ల సైకిలుకు 36 సీసీ ఇంజన్ బిగించి 'పవర్ ఫ్రీ' అని అమ్మిండ్రు. అది నడిచింది. 1954ల కంపెనీ పేరే సుజుకి మోటార్ అని మార్చిండ్రు. 1955ల సుజులైట్ అనే బుల్లి కారు తెచ్చిండ్రు, ఇంజన్ 360 సీసీ. మన బుల్లెట్ బండి ఇంజన్ గూడ దాదాపు గంతే.

అప్పటికే జపాన్ సర్కారు 'కే' కార్లని ఒక జాతి పెట్టింది. కొలతలు చిన్నగుండాలె, ఇంజన్ ఇంతకు మించొద్దు. గట్లుంటె పన్ను తక్కువ. ఇంజన్ హద్దు గా టైంల 360 సీసీ, 1976ల 550 చేసిండ్రు, 1990ల 660. ఇప్పటికి గూడ కే కారు పొడుగు 3.4 మీటర్లు దాటద్దు. జపాన్ పల్లెల్ల ఈ కార్లు మస్తు కనవడ్తయ్. బస్సులు తక్కువ, తొవ్వలు సన్నం. పొలానికి పొయ్యే రైతుకు సుజుకి క్యారీ అనే చిన్న ట్రక్కు, అంగడికి పొయ్యే ఇల్లాలికి ఆల్టో. నడిపెటోళ్ల మాట గూడ గట్లనే ఉంటది: గల్లీల తిప్పుకునేతందుకు దీన్ని మించింది లేదు, పెద్ద హైవే ఎక్కితె మాత్రం జర ఆయాసం.

1978ల కంపెనీ పగ్గాలు ఒసాము సుజుకి చేతికొచ్చినయ్. ఈయన అసలు పేరు ఒసాము మత్సుదా, బ్యాంకుల పనిచేసెటోడు. మిచియో మనుమరాలిని పెండ్లి చేసుకొని ఇల్లరికం వచ్చిండు, అత్తగారింటి పేరు పెట్టుకున్నడు. జపాన్ల ఇల్లరికపల్లునికి గౌరవం తక్కువేం కాదు, యాపారం నడిపే సత్తా ఉన్నోన్నే ఏరి తెచ్చుకుంటరు. ఈయన పిసినారితనం మాత్రం కథలు కథలుగ చెప్తరు. ఒక్కో పార్టుల ఒక గ్రాము బరువు, ఒక యెన్ ఖర్చు తగ్గించాలన్నది ఆ కంపెనీల నినాదం. 1979ల ఆల్టోను 4 లక్షల 70 వేల యెన్‌లకు తెచ్చిండు. కార్ల మీద పన్నుంటె, సామాను బండ్ల మీద లేదు. అందుకే ఎనుక సీటు చిన్నగ చేసి, దాన్ని సామాను బండి లెక్కన రాయించి అమ్మిండు. మోసం కాదు, చట్టంల ఉన్న సందు. జనం ఎగబడి కొన్నరు.

గా ఒక్క గ్రాము లెక్క యాదుంచుకోండ్రి, ముంగట పని పడ్తది.

ఇగ మన దేశం. అంబాసిడర్‌కో పద్మినికో పైసలు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. సంజయ్ గాంధీ 1971ల పెట్టిన మారుతి కంపెనీ ఒక్క కారు గూడ సక్కగ అమ్మకుంటనే మునిగింది. ఆయన పోయినంక సర్కారు దాన్ని చేతిలకు తీసుకొని, 1981ల మారుతి ఉద్యోగ్ అని పెట్టి, జతకు విదేశీ కంపెనీ కోసం తిరిగింది. పెద్ద కంపెనీలకు మన మార్కెట్ ఆనలే. ఒసాము మాత్రం ఎక్కడన్న ఒక్క దేశంలనన్న నంబర్ వన్ కావాలని పట్టు మీదున్నడు. 1982 అక్టోబరుల 26 శాతం వాటాతోని సంతకం పెట్టిండు. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళం చెవి ఇందిరాగాంధీ చేతుల మీదికెల్లి ఢిల్లీల హర్పాల్ సింగ్ అనే ఆయనకు అందింది. ధర దాదాపు 50 వేలు, ఇంజన్ 796 సీసీ. 2014ల ఆపేదాక 25 లక్షలకు పైనే చేసిండ్రు. నడుమల ఓమ్ని వచ్చింది. బడి పిల్లలను, కూరగాయలను, పేషెంట్లను అన్నిటిని మోసింది. మన సినిమాల్ల అయితె కిడ్నాప్ సీనంటె ఓమ్నినే ఉండాలె, పాపం!

2002ల సర్కారు పెత్తనం సుజుకికి అప్పజెప్పింది, 2007 దాక మిగిలిన వాటా గూడ అమ్ముకున్నది. ఒసాము 2024 డిసెంబర్ల 94 ఏండ్లకు పోయిండు, 2025ల మన సర్కారు పద్మవిభూషణ్ ప్రకటించింది. దండలేసెటప్పుడు మానేసర్ పేరు ఎవలు ఎత్తరు. 2011ల ఆ ఫ్యాక్టరీ కార్మికులు సొంత యూనియన్ కోసం సమ్మెలు చేసిండ్రు, పక్క పక్కన నిలవడి ఒక్క తీరు పని చేసే కాంట్రాక్టోళ్లకు, పర్మనెంటోళ్లకు జీతంల అంత తేడా ఏందని అడిగిండ్రు. 2012 జులై 18న లొల్లి ముదిరి, మంటలంటుకొని, ఒక మేనేజర్ చనిపోయిండు. 2017ల కోర్టు 13 మందికి యావజ్జీవం వేసింది, 117 మందిని నిర్దోషులని వదిలిపెట్టింది. గా 117 మందిల చానమంది ఏండ్లకేండ్లు జైల్ల ఉండి వచ్చినోళ్లు. చవక కారు అన్నప్పుడు గీ లెక్క గూడ అండ్లనే ఉన్నది.

మరి కొన్నోళ్లు ఏమంటరు? మంచి మాటలు అందరికి ఎరుకే: పెట్రోల్ తక్కువ తాగుతది, ఏ చిన్న పట్నంలనన్న మేస్త్రి దొరుకుతడు, పార్టులు దొరుకుతయ్, ఐదారేండ్లు నడిపి అమ్మినా ధర పడిపోదు. కిరాయి బండి నడిపెటోనికి గివే ప్రాణం. నెల కిస్తీ కట్టాలె, బండి ఒక్కరోజు షెడ్డుల ఉంటె గా రోజు కూలి పాయె. డీజిల్ డిజైర్ నడిపినోళ్లను అడుగుండ్రి, ఇప్పటికి దాని మీద పావురం పోలేదు. గా 1.3 లీటర్ డీజిల్ ఇంజన్ నిజానికి ఇటలీ ఫియట్ కంపెనీది, సుజుకి లైసెన్స్ తీసుకొని వాడింది. 2020 ఏప్రిల్ల కొత్త పొగ నియమాలు రాంగనే కంపెనీ డీజిలే బంద్ పెట్టింది. ఇప్పుడు సీఎన్‌జీ అంటున్నరు. ఖర్చు తక్కువే గని డిక్కీల సిలిండర్ ఉంటె సామాను ఎక్కడ పెట్టాలె? మండలంల గ్యాస్ బంకు లేనోనికి అదో తిప్పలు.

తిట్టెటోళ్ల మాట ఒక్కటే, "రేకు పల్చగ". బొటనవేలుతోని డోర్ నొక్కి చూపెడ్తరు. కోపం సరైందే గని చూసే జాగ తప్పు. కారు ముంగటి భాగం ఉన్నదే నలిగేతందుకు. గుద్దుకున్నప్పుడు బానెట్ నలిగితె దెబ్బ బలం కొంత ఆడనే ఖర్చయితది. నలగొద్దంది మనం కూసునే డబ్బా. గా డబ్బా నిలవడ్డదా, స్టీరింగ్ ఛాతిల దిగిందా, తల దేనికి తాకింది, గివి చూసేదే క్రాష్ టెస్ట్. గంటకు 64 కిలోమీటర్ల స్పీడుతోని కారును అడ్డంకికి గుద్దిచ్చి చూస్తరు. 64 అంటె మన రోడ్ల మీద పెద్ద స్పీడేం కాదు.

గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2014ల ఎయిర్‌బ్యాగు లేని ఆల్టో 800ను, స్విఫ్ట్‌ను గుద్దిచ్చింది. రెండిటికీ సున్న స్టార్లు. 2016ల ఈకోకు సున్న. 2020ల ఎస్-ప్రెస్సోకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగు ఉండంగ గూడ సున్న. 2023ల వ్యాగనార్‌కు ఒకటి, ఆల్టో కే10కు రెండు.

దీంట్ల నా కడుపు మండేది స్విఫ్ట్ సంగతికి. గదే పేరుతోని యూరప్‌ల అమ్మిన స్విఫ్ట్‌కు 2010ల అక్కడి టెస్టుల ఐదు స్టార్లు వచ్చినయ్. అక్కడ ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లల్ల ఇచ్చిండ్రు, మనకాడ తక్కువ ధర మోడల్ల ఒక్కటి గూడ లేకుండె. అంటె చేతగాక కాదు. అక్కడ చట్టం అడిగింది, జనం అడిగిండ్రు. మనకాడ షోరూంల మనం అడిగింది "ఎంతిస్తది?" అన్న ఒక్క మాట. ఒక్క గ్రాము తగ్గిచ్చుడు నేర్చిన కంపెనీకి గంతకన్న మంచి గిరాకి ఏం కావాలె?

కంపెనీ తరఫు వాదన గూడ వినాలె. 2022ల ఆరు ఎయిర్‌బ్యాగుల ముచ్చట వచ్చినప్పుడు, ధర పెరిగితె బైకు మీదికెల్లి కారుకు మారాలనుకునే చిన్న కుటుంబాలు ఆగిపోతయని ఛైర్మన్ ఆర్.సి. భార్గవ అన్నడు. దాంట్ల నిజం లేకపోలేదు. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు ఒక్క బండి మీద వానల పోవుడు కన్న ఏ కారైనా నయమే. గని 2025ల గదే కంపెనీ ఆల్టో కే10కు గూడ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టింది. 2024 నవంబర్ల కొత్త డిజైర్ పెద్దోళ్ల భద్రతల ఐదు స్టార్లు తెచ్చుకున్నది. నడుమల ఏమైంది? వేరే కంపెనీలు ఐదు స్టార్లని బోర్డులు పెట్టి గిరాకి గుంజుకున్నయ్, 2023 అక్టోబర్ల భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది, జనం అడుగుడు మొదలువెట్టిండ్రు. అట్లని అన్నీ మారలే. 2024లనే ఆఫ్రికాల అమ్మే ఎర్టిగాకు ఒక్క స్టారే వచ్చింది, మన కిరాయి బండ్లల్ల ఏడుగురు ఎక్కేది గా పేరు బండ్లనే.

కొత్త కారు కొనెటోనికి స్టార్లు చూసుకునే ఛాన్సున్నది. మనోళ్లల్ల చానమంది కొనేది పాతది. అందుకని జర చెప్త. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు చట్టం 2019 జులై నుంచే, పక్క సీటు ఎయిర్‌బ్యాగు పాత మోడళ్లకు 2021 చివర్ల. అంతకు ముందటి బండయితె స్టీరింగ్ మీద, డ్యాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగు గుర్తున్నదో లేదో చూడుండ్రి. పాత ఆల్టోల ఎల్ఎక్స్ఐ పక్కన బ్రాకెట్ల 'ఓ' అని ఉంటె డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగున్నట్టు, లేకుంటె లేనట్టే అనుకోండ్రి. ఒకసారి గుద్దుకొని ఎయిర్‌బ్యాగు పేలిన బండికి, కొత్తది పెట్టకుంట మూతేసి అమ్మెటోళ్లు గూడ ఉంటరు. తాళం తిప్పంగనే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, కొన్ని సెకండ్లకు ఆరిపోవాలె. వెలగకపోయినా అనుమానమే, ఆరకపోయినా అనుమానమే. 2023ల స్టీరింగ్ రాడ్డుల లోపమని 87 వేలకు పైన ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను కంపెనీ వాపస్ పిలిచి ఫ్రీగ మారుస్తమన్నది. గసొంటివి ఇంకా ఉన్నయ్. చాసిస్ నంబర్ కొడితె కంపెనీ వెబ్‌సైట్ల తెలుస్తది, బేరం తెగకముందే చూసుకోవాలె.

ఇంకొకటి, బెల్టు పెట్టుకోకుంటె ఎయిర్‌బ్యాగు సక్కగ కాపాడది, ఒక్కోపారి అదే దెబ్బ కొడ్తది. మన బండ్లల్ల ఎనుక సీటు బెల్టులు సీటు సందుల ఇరికి, దుమ్ము పట్టి ఉంటయ్. సీటు కవర్ ఏసేటప్పుడు లోపలికి దోపేసి ఉంటరు. బండి చూసేతందుకు పోయినప్పుడు గవి బయటికి తీపిచ్చి, గట్టిగ గుంజి, క్లిప్ పడ్తున్నదో లేదో చూడుండ్రి.