తప్పనిసరి అనే ఒక్క మాట: నర్సింహులపేట మస్టరు నుంచి జమైకా కోర్టు దాకా

నర్సింహులపేట మండలంలో ఏ ఊరి చెరువులో పూడిక తీసినా, ఏ తండా దగ్గర కందకం తవ్వినా, ఉపాధి హామీ కూలీల హాజరు 2023 జనవరి 1 నుంచి కాగితం మస్టరులో పడటం లేదు. మేటు చేతిలోని స్మార్ట్‌ఫోన్‌లో పడుతోంది. ఆ యాప్ పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్, అందరూ పిలిచేది ఎన్ఎంఎంఎస్. రోజుకు రెండుసార్లు పని జాగాలోనే కూలీల ఫొటో తీయాలి. ఫొటోతో పాటు సమయం, స్థలం నమోదవుతాయి. ఫొటో ఎక్కకపోతే, తవ్విన మట్టి కళ్లెదుట కుప్పగా ఉన్నా ఆ రోజు పనిచేయనట్టే లెక్క.

2025-26లో తెలంగాణలో ఉపాధి కూలి రేటు రోజుకు 307 రూపాయలు. రెండు రోజుల హాజరు పోతే 614 రూపాయలు పోయినట్టు. వాడలో, తండాలో బతికే కుటుంబానికి అది వారం రోజుల సరుకుల డబ్బు.

దీన్ని చాలామంది సిగ్నల్ సమస్య అంటారు. టవర్ వేస్తే, ఫైబర్ లాగితే తీరిపోతుందంటారు. టవర్లూ కావాలి, ఫైబరూ కావాలి. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది: యంత్రం పనిచేయని రోజున నష్టం ఎవరి మీద పడాలి? ప్రభుత్వం మీదా, కూలీ మీదా? దాదాపు ఇదే ప్రశ్న సముద్రాల అవతల ఉన్న చిన్న కరీబియన్ దేశం జమైకాలో కోర్టుకెక్కింది. అక్కడి న్యాయమూర్తులు జవాబు వెతికింది మన సుప్రీంకోర్టు తీర్పులోనే. ఆ కథలోకి వెళ్లేముందు ఇక్కడి సంగతి పూర్తిగా చూద్దాం.

మూడు చోట్ల మూడు తాళాలు

పేద కుటుంబానికి చట్టం ఇచ్చిన హక్కులు ఇప్పుడు మూడు డిజిటల్ తాళాల వెనక ఉన్నాయి.

మొదటిది హాజరు. దాన్ని పైన చూశాం.

రెండోది కూలి డబ్బు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి చెల్లింపులకు ఆధార్ ఆధారిత విధానాన్ని కేంద్రం తప్పనిసరి చేసింది. జాబ్ కార్డుకు ఆధార్ కలవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవాలి. ఆ ఖాతా జాతీయ చెల్లింపుల సంస్థ మ్యాపర్‌లో నమోదై ఉండాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇంటిపేరు ముందు ఉందా వెనక ఉందా, 'లచ్చమ్మ'నా 'లక్ష్మమ్మ'నా అనే తేడాలు మన ఊళ్లలో కొత్తవేం కావు. కానీ మనిషిని ఎరిగిన పోస్ట్‌మ్యాన్‌కు అది అడ్డం కాదు. సర్వర్‌కు అడ్డమే.

మూడోది బియ్యం. రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర పడాలి. బండ కొట్టిన చేతులకూ, మిరప కోసిన చేతులకూ, ఏళ్ల తరబడి నాట్లేసిన చేతులకూ గీతలు అరిగిపోతాయి. కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వేయే ఆధార్ ధ్రువీకరణ వైఫల్యాలను ప్రస్తావించింది. జార్ఖండ్‌లో 49 శాతం, మన కృష్ణా జిల్లాలో 5 శాతం అని అందులో ఉంది. 2018 మార్చిలో ఆధార్ సంస్థ అధిపతి సుప్రీంకోర్టు ముందు చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ విజయం 88 శాతం. అంటే వందసార్లు వేలు పెడితే పన్నెండుసార్లు యంత్రం ఒప్పుకోలేదు.

ఎక్కువ నష్టం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు. చేతులతో పనిచేసే కులాలెవరో, ఊరికి దూరంగా వాడల్లో, తండాల్లో ఉండేదెవరో మనకు తెలుసు. ఆక్స్‌ఫాం ఇండియా 2022 అసమానతల నివేదిక ప్రకారం 2021లో జనరల్ కులాల్లో 8 శాతం మందికి కంప్యూటరో ల్యాప్‌టాపో ఉండగా, ఎస్సీల్లో అది 2 శాతం, ఎస్టీల్లో ఒక శాతం కంటే తక్కువ. ఆన్‌లైన్‌లో తప్పు దొర్లితే ఆన్‌లైన్‌లోనే సరిచేసుకోమని చెప్పడం ఈ అంకెల ముందు ఎంత అన్యాయమో ఆలోచించండి.

యంత్రం మీద ఆశ ఎందుకు పుట్టింది

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. యంత్రం కులం అడగదని మన జనం ఆశపడ్డారంటే దానికి కారణముంది. ఊరి పట్వారీ కలం ఎటు రాస్తే భూమి అటు పోయిన రోజులు తెలంగాణ మర్చిపోలేదు. కూలి డబ్బులు ఊరి పెద్దల చేతుల మీదుగా వచ్చినప్పుడు ఎంత చేతికందిందో, ఎంత మధ్యలో ఆగిందో అడిగే దిక్కుండేది కాదు.

ఆ ఆశ వట్టిదేం కాదని చూపిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. ఖమ్మం, నల్లగొండ సహా ఎనిమిది జిల్లాల్లో వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు చెల్లించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ దాన్ని పరిశీలించారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గిందని తేలింది. అయితే ఆ పథకంలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. కార్డు లేనివాళ్లకు చెల్లింపు ఆపలేదు. వాళ్లకు పాత పద్ధతిలో డబ్బు అందుతూనే ఉంది.

అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ మీద పరిశీలన చేశారు. అక్కడ ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేశారు. ముందుగా ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందిన సరుకుల విలువ సగటున 10 శాతం తగ్గిపోయింది.

రెండు చోట్లా వేలిముద్రే. ఒకచోట పక్క దారి తెరిచి ఉంచారు, ఇంకోచోట మూసేశారు. 'తప్పనిసరి' అనే ఒక్క మాట చేసిన తేడా ఇది.

సమగ్ర వేదిక: మనకు తెలియకుండానే తీర్పు

తెలంగాణలో ఇంకో అడుగు ముందుకు పడింది. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ పలు శాఖల డేటాబేసులను కలిపి, ఎవరు అర్హులో ఎవరు కాదో అంచనా వేస్తుంది. కారు ఉందా, ఆస్తి ఉందా, కరెంటు బిల్లు ఎంత అని పేర్లు, చిరునామాలు పోల్చి చూస్తుంది.

2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయని అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. కార్డుల ఏరివేతలో ఈ సాఫ్ట్‌వేర్‌నూ వాడారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక కుటుంబానికి కారుందని కార్డు పోయింది. ఆ కారు దాదాపు అదే పేరున్న వేరే మనిషిది.

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దులపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. పరిశీలన పూర్తయిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే కనీసం 7.5 శాతం తప్పుడు రద్దులు. ఇవి మళ్లీ అర్జీ పెట్టుకోగలిగిన వాళ్ల లెక్కలు మాత్రమే. కార్డు ఎందుకు పోయిందో తెలియక ఊరుకున్న ఇళ్లు ఇందులో లేవు.

ఢిల్లీలో ఓడి, కింగ్‌స్టన్‌లో గెలిచిన వాదన

ఆధార్ చట్టాన్ని సవాలు చేసిన వాళ్లలో మనకు దగ్గరివాళ్లున్నారు. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ పిటిషనర్లలో ఒకరు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన ఆయన జీవితమంతా చేతులతో మలం ఎత్తే పని మీద పోరాడారు. బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా కూడా పథకాలకు ఆధార్ తప్పనిసరి చేయడాన్ని సవాలు చేశారు.

2018 సెప్టెంబర్ 26న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-1 మెజారిటీతో ఆధార్‌ను చాలావరకు సమర్థించింది. ప్రైవేటు కంపెనీలు వాడుకునే వీలు తీసేసింది కానీ, సంక్షేమ పథకాలకు ఆధార్ అడిగే 7వ సెక్షన్‌ను నిలబెట్టింది. విభేదించిన ఒక్కరు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. పౌరుడి హక్కులూ గౌరవమూ అల్గారిథం అంచనాల దయ మీద ఆధారపడకూడదన్నది ఆయన వాదనలో కీలకం. మైనారిటీ తీర్పు కాబట్టి అది ఇక్కడ చట్టం కాలేదు.

ఇప్పుడు జమైకాకు రండి. జనాభా దాదాపు 28 లక్షలు, అంటే తెలంగాణలో పదో వంతు కూడా కాదు. చెరకు తోటల్లో ఆఫ్రికన్ బానిసల రక్తం మీద కట్టిన వలస దేశం అది. 1817 నుంచి అక్కడి బానిసల పేర్లన్నీ ప్రభుత్వ రిజిస్టర్లకెక్కాయి. బానిసత్వం రద్దయ్యాక, 1845 నుంచి ఆ తోటలకు మన దేశపు ఒప్పంద కూలీలనూ ఓడల్లో తీసుకెళ్లారు. పాలకులు తయారుచేసే జాబితా అంటే ఏమిటో తరతరాలుగా తెలిసిన జనం వాళ్లు.

2017లో ఆ దేశం జాతీయ గుర్తింపు చట్టం చేసింది. ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఈ పథకానికి 6.8 కోట్ల అమెరికన్ డాలర్ల రుణం ఇచ్చింది. ప్రతి పౌరుడూ వేలిముద్రలు సహా శరీర ఆనవాళ్లు ఇచ్చి నమోదు కావాలి. కాకపోతే నేరం, జరిమానా. నంబరు లేకపోతే ప్రభుత్వ సేవలు అందవు. ప్రతిపక్ష పార్టీ ప్రధాన కార్యదర్శి, ఎంపీ జూలియన్ రాబిన్సన్ కోర్టుకెళ్లారు.

2019 ఏప్రిల్ 12న కింగ్‌స్టన్‌లోని సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేశారు. ప్రధాన న్యాయమూర్తి బ్రయన్ సైక్స్ మన ఆధార్ తీర్పును విస్తారంగా చర్చించారు. నలుగురి మెజారిటీ తీర్పును పక్కనపెట్టి, చంద్రచూడ్ ఒంటరి తీర్పు దారిలో నడిచారు. ఢిల్లీలో ఓడిపోయిన వాదన కింగ్‌స్టన్‌లో చట్టమైంది.

తర్వాత ఏమైంది? జమైకా డిజిటల్ గుర్తింపును వదిలేయలేదు. 2021లో కొత్త చట్టం తెచ్చింది. అందులో నమోదు స్వచ్ఛందం. టెక్నాలజీ ఉంది, బలవంతం పోయింది. రెండూ కలిసి ఉండటం సాధ్యమేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన చేతిలో ఉన్న నిబంధనలు

కోర్టులో ఓడినా మన చేతులు ఖాళీగా ఏం లేవు. నిబంధనల్లోనే మనకు పనికొచ్చేవి ఉన్నాయి. అధికారులు వాటిని చెప్పరు కాబట్టి మనమే తెలుసుకోవాలి.

హాజరు: నెట్‌వర్క్ లేనప్పుడు ఫొటోను ఫోన్‌లో దాచి, సిగ్నల్ వచ్చాక ఎక్కించవచ్చు. తప్పనిసరి కారణాలతో ఎక్కించలేకపోతే హాజరును చేత్తో నమోదు చేయించే అధికారం జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కు, అంటే కలెక్టర్‌కు, కేంద్రమే ఇచ్చింది. 'యాప్ తీసుకోలేదు' అన్న మాట దగ్గర ఆగిపోకండి. అదే రోజు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

జాబ్ కార్డు: ఆధార్ చెల్లింపుకు అర్హత లేదన్న కారణంతో జాబ్ కార్డు తొలగించకూడదని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ చెప్పింది.

ఆలస్యం: మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. పదహారో రోజు దాటాక రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని ఉపాధి హామీ చట్టం చెబుతుంది. పైసలు చిన్నవే. కానీ అది అడిగితే ఆలస్యం ప్రభుత్వ తప్పుగా రికార్డుకెక్కుతుంది.

రేషన్: వేలిముద్ర పడకపోతే ఐరిస్, ఓటీపీ ప్రయత్నించాలి. అవీ కుదరకపోతే కార్డు చూసి సరుకులిచ్చి, మినహాయింపు రిజిస్టర్‌లో రాయాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబర్ 24న సర్క్యులర్ ఇచ్చింది. డీలర్‌ను ఆ రిజిస్టర్ చూపమనండి. రిజిస్టరే లేకపోతే ఫిర్యాదుకు అదే ఆధారం.

ఆధార్ లేకపోతే: నంబరు ఇంకా రాని వారికి వేరే గుర్తింపుతో ప్రయోజనం ఇవ్వాలని ఆధార్ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. ధ్రువీకరణ విఫలమైందని అర్హులను తిప్పి పంపకూడదని 2018 మెజారిటీ తీర్పు కూడా అంది.

విద్యార్థులు ఇందులో చేయగల పని చాలా ఉంది. సెలవుల్లో మీ వాడలో ఇంటింటికీ తిరిగి ఒక నోటుబుక్కులో రాయండి: ఏ తేదీన ఏ యంత్రం తిప్పి పంపింది, ఎన్నిసార్లు తిరిగారు, ఆటోకు ఎంత ఖర్చయింది, చివరికి అందిందా లేదా. సర్వర్ దగ్గర సఫలమైన లావాదేవీల లెక్క ఎప్పుడూ ఉంటుంది. ఉత్త చేతులతో ఇంటికెళ్లిన మనిషి లెక్క మనం రాస్తేనే ఉంటుంది. ఆ నోటుబుక్కును గ్రామసభలో చదవండి. సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు ముందు పెట్టండి.

ముందున్న పోరాటం

రెండు మార్పులను గమనించాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న పేరుతో వివరాలు నిరాకరించడం అధికారులకు తేలికైంది. మస్టరులో పేర్లు బయట చదివి దొంగ హాజర్లు పట్టుకున్న సామాజిక తనిఖీ ఉద్యమానికి ఇది దెబ్బ. మన వివరాలన్నీ వాళ్లకు తెలియాలి, వాళ్ల జాబితాలు మాత్రం మనకు తెలియకూడదట.

ఇక 2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. పని రోజులు 100 నుంచి 125కు పెరుగుతాయని చెబుతూనే, బయోమెట్రిక్ ధ్రువీకరణను, డిజిటల్ నిఘాను అది చట్టంలోకే తెచ్చింది. నిన్నటిదాకా సర్క్యులర్‌తో పెట్టిన తాళాన్ని ఇప్పుడు చట్టంతో పెడుతున్నారు. సర్క్యులర్‌ను మరో సర్క్యులర్‌తో తీయించవచ్చు. చట్టం సంగతి అలా కాదు.

కాబట్టి మన డిమాండ్ స్పష్టంగా ఉండాలి. ప్రతి యాప్ పక్కన ఒక కాగితం మస్టరు ఉండాలి. ప్రతి వేలిముద్ర యంత్రం పక్కన ఒక మినహాయింపు రిజిస్టర్ ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ పేరు తీసేసినా ముందు నోటీసు ఇవ్వాలి, కారణం తెలుగులో రాయాలి, మనిషి వచ్చి విచారించాలి. యంత్రం ఆగిన రోజున నిరూపించుకోవాల్సిన భారం ప్రభుత్వానిది కావాలి. నర్సింహులపేటలోనైనా మరే మండలంలోనైనా వచ్చే గ్రామసభలో ఈ నాలుగు మాటలతో తీర్మానం ప్రవేశపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.