సిరాబుడ్డి

గత మాసమున నొకనాటి సాయంకాలము, ఇప్పుడు ప్రకాశముపంతులుగారి పేరు వహించియున్న బ్రాడ్వేలో, ఒక కాగితముల దుకాణమునకు బోయి సిరాబుడ్డి కావలెనని యడిగితిని. అందలి పిల్లవాడు, నల్లదా, రంగులదా, ఏ కంపెనీ ప్రింటరునకని ప్రశ్నించెను. ప్రింటరునకు గాదు, కలమునకని చెప్పగా, నన్నొకమాఱు నఖశిఖపర్యంతము పరికించి, లోనికేగి, దుమ్ము పట్టిన పెట్టె నొకదానిని దెచ్చి, నోటితో నూది, బల్లపై బెట్టెను. రెండు బుడ్లు మాత్రమే మిగిలినవట. మరల తెప్పించెడి యుద్దేశము లేదు గావున రెండును గొనిపొండని యతని సలహా. కొనివచ్చితిని.

ఇంటివద్ద నందఱును నవ్విరి. పదిరూపాయల కలము చక్కగా వ్రాయుచుండగా, జేబులోని టెలిఫోను చెప్పినమాట చెప్పినట్లు అచ్చువేయుచుండగా, ఈ బుడ్డియు, పాళీయు, వారమున కొకసారి కడుగుటయు నెందులకని వారి ప్రశ్న. నవ్వినవారిలో నాకంటె బుద్ధిమంతులున్నారు. కావున కోపగింపక యాలోచించితిని.

మొదట సిరాకలము దోషములనే చెప్పవలెను. వాదించువాడు తనవైపు లోపము దాచినచో వకీళ్లగు చదువరులు క్షణములో పట్టుకొందురు. అది కాఱును. చొక్కాజేబుపై నీలిమచ్చలేని సిరాకలపు యజమానిని నేనింతవఱకు చూడలేదు. కొట్టమునందు సిరా నిండుగా నున్నంతకాలము మంచిగనే యుండును. అడుగంటినకొలది లోపలి గాలి పెరుగును. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందునకు త్రోయును. సరిగా సంతకము చేయబోవు సమయమున బొట్టు పడును. విమానప్రయాణమున నిదే కష్టము మఱింత హెచ్చు. నిండుగా నింపియో, పూర్తిగా నొలుకబోసియో ఎక్కవలెను గాని సగము సిరాతో నెక్కరాదు. కార్బను కాగితము పెట్టి మూడు ప్రతులు తీయవలసినచోట పాళీ యెందుకును గొఱగాదు. బ్యాంకులలో దారముకట్టి యుంచెడి బంతికలములే యక్కడకు తగినవి.

ఐనను దాని నిర్మాణమును తలచినప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. పాళీ నడుమ సన్నని చీలిక, దాని మొదట గాలికొఱకొక రంధ్రము, క్రింద గాళ్లు చెక్కిన నాలుక. సిరా దిగుటకును, దిగినంత గాలి లోనికి పోవుటకును ఒకేచోట దారి యేర్పఱచుటయే ఇందలి కిటుకు. 1884 సంవత్సరమున అమెరికాలో వాటర్‌మన్ అనునతడు పొందిన పేటెంటు ఈ నాలుకను గూర్చినదే. బంగారు పాళీయైనను కాగితముపై నరుగునది బంగారము కాదు; కొనయందు కఱగించి అతికిన కఠినలోహపు గింజ. ఆ గింజ యొకని చేతివాటమునకే క్రమముగా నరిగి యొదిగిపోవును. అందుచేతనే పూర్వులు కలమును ఎరువీయ నిష్టపడకుండిరి. ఒడలు ఎబొనైటుతో జేసినదైనచో, అనగా గంధకము మిక్కుటముగా చేర్చి గట్టిపఱచిన రబ్బరుతో జేసినదైనచో, చేతివేడి లోపలికి త్వరగా పోదు, చెమటకు జాఱదు. మన చెన్నపురి వైశాఖమాసములో ఇది చిన్న సుగుణము కాదు.

ఎబొనైటు మాట రాగానే రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చును. కె. వి. రత్నముగారు స్వదేశోద్యమకాలమున అక్కడ కలములు చేయ మొదలిడి, మహాత్మునకు పంపిన కలము సంగతి ఆంధ్రులలో పెక్కండ్రెఱుగుదురు. గాంధీగారు 1935 సంవత్సరము జూలైలో వ్రాసిన జాబులో, దానిని వాడి చూచితిననియు, బజారులోని విదేశపు కలములకు బదులుగా పనికివచ్చునట్లున్నదనియు తెలిపిరి. ఇంతకన్న నెక్కువ పొగడలేదు. ఆయన పొగడ్తయెప్పుడును తూకము వేసినట్లుండును. గోదావరియొడ్డున చేతితో తరిణెపట్టి చేసిన వస్తువునకు, లండను, న్యూయార్కు వస్తువులతో సరితూగునని సాక్ష్యము దొరకుటయే ఆ దినములలో చాలును.

బంతికలము వచ్చినది తరువాత. హంగరీదేశీయుడగు బిరో 1938లో పేటెంటు గొనెను. 1945 అక్టోబరులో న్యూయార్కు దుకాణమున నమ్మకమునకు బెట్టినప్పుడు దాని వెల పండ్రెండున్నర డాలర్లు! నేడు చిల్లరకు బదులు చేతిలో బెట్టుచున్నారు. వస్తువు చౌకయైనకొలది దానిపై మనకున్న శ్రద్ధయు చౌకయగును. మా ఇంటి సొరుగులో వ్రాయని బంతికలములు ఇరువదిమూడు తేలినవి. వానిలో నొక్కదానికైనను మరల బత్తి వేసినవారు లేరు. సిరాకలమో, తప్పిపోయిన నాటిరాత్రి ఇల్లంతయు వెదకుదుము.

ఇంతకును తెలుగువ్రాతకు దీనితో నేమి సంబంధమందురా? మన లిపి గుండ్రని లిపి. తాటాకుపై గంటముతో వ్రాయుచున్న కాలమున ఈనె వెంబడి అడ్డగీత గీచిన ఆకు చీలుననియు, అందుచే అక్షరములు వంపులు తిరిగినవనియు పెద్దలు చెప్పుదురు. ఆ వంపులకు నొక్కుడు పనికిరాదు. పాళీ కాగితముపై తన బరువుతోనే నడచును. తలకట్టు, గుడి, కొమ్ము, వట్రువసుడి వరుసగా జాఱుచు వచ్చును. బంతికలమును నిలువుగా బట్టి నొక్కవలెను. నొక్కినచో ఒత్తులు ముద్దయగును, చేయి నొచ్చును, మనుజుడు క్లుప్తముగా వ్రాయును. ఇది నా సిద్ధాంతము. జపానువారు 1984లో తెచ్చిన జెల్‌కలము దీనికి కొంత విఘాతము కలిగించినది. అదియు నొక్కకుండగనే నడచును, కాఱదు, చౌక. దానితో చక్కగా తెలుగు వ్రాయువారిని చూచి నా వాదమును సగమువఱకు ఉపసంహరించుకొన్నాను.

మిగిలిన సగము టెలిఫోనును గూర్చినది. దానిని నేను నిందింపను. తెలుగక్షరములు ప్రపంచపు యంత్రములన్నిటికిని 1991 నాటి యూనికోడునందే చేరినవి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అను నొక్క యక్షరము అందిన మాత్రమున ఆపిల్ కంపెనీవారి ఫోన్లు మూర్ఛిల్లినవని ప్రపంచమంతయు చెప్పుకొన్నది; ఆ కంపెనీవారు కొలదిదినములలోనే చికిత్స చేసిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమును మోయలేకపోయినదని మిత్రులు హాస్యమాడిరి. కాని మన చేతిలో జరుగుచున్న పని వేఱు. తెలుగునకు సదుపాయముండియు, మన బంధువులలో ముప్పాతికమంది తెలుగుమాటను ఇంగ్లీషక్షరములలో గుద్దుచున్నారు. నోటితో చెప్పిన వ్రాయు సాధనము కలదు గాని, నాలుగుతరములుగా ఈ పట్టణమున నున్న మాబోంట్ల ‘ఉండాది’, ‘చెప్పినారు’ దానికి సరిగా వినబడవు. నడుమ నొక్క అఱవముక్క పడెనా, వాక్యమంతయు గల్లంతు.

దీనివలన వచ్చు చిక్కు నాకు నిరుడు తెలిసినది. కోయంబత్తూరునుండి మా మేనల్లుడొక వార్త పంపెను. నాన్నకు ఫలానిది నొప్పిగా నున్నది, మంచి డాక్టరు నెవరినైన చెప్పుము మామయ్యా, అని. ఆ ‘ఫలానిది’ ఇంగ్లీషులిపిలో నున్నది. ఆ కూర్పున కళ్ళు అని చదువవచ్చును, కాళ్ళు అని చదువవచ్చును, విధి ప్రతికూలమైన కల్లు అనియు చదువవచ్చును. మూడవదానిని మా బావగారి శీలమెఱిగినవాడను గనుక విడిచితిని. మధుమేహము గలవారు గదా, కన్నులే యని నిశ్చయించి, పేరుపొందిన నేత్రవైద్యుని వద్ద నానా తంటాలు పడి గడువు సంపాదించితిని. బావగారు రైలు దిగి కుంటుచు వచ్చిరి. అరికాలున పుండు. పదిదినములు వృథాగా గడచినవి. శస్త్రవైద్యుడు, ఇంకొక వారమాలసించినచో వ్రేలు దక్కకపోయెడిదని చెప్పగా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక్క దీర్ఘము! మనభాషలో ఒకదీర్ఘమునకు ఒక కాలివ్రేలంత బరువున్నదని నేనంతవఱకు నెఱుగను.

మేనల్లుని మందలింపబోతిని. ‘‘నాకు తెలుగు వ్రాయను రాదు గదా మామయ్యా’’ అనెను. అతని తప్పు కాదు. ఈ రాష్ట్రమున 2006లో వచ్చిన చట్టమువలన బడులలో తమిళము తప్పనిసరియైనది. ఉన్న నాటి భాష నేర్చుట ధర్మమే; దానిపై నాకాక్షేపణ లేదు. కాని బడిలో తెలుగునకు చోటు చిక్కినకొలది ఇంటిలో పెరుగవలసినది, ఇంటిలోను తగ్గినది. పళ్ళెమున బియ్యము పోసి ఓనమాలు దిద్దించి, ఫొటోలు తీసికొని, ఆ బియ్యము వండుకొన్న తరువాత ఆ వ్రేలిచేత మరల తెలుగక్షరము వ్రాయించినవారెందఱు? నేను వ్రాయించితినా? లేదు. వృత్తిలో తీరిక లేదంటిని. ఆ మాటనే మా మేనల్లుని తండ్రియు చెప్పును.

తొమ్మిదేండ్ల మా మనుమరాలు సిరాబుడ్డిని చూచి నవ్వనిదొక్కతె. మూత తీసి వాసన చూచినది. మా తాతగారి జమాఖర్చు పుస్తకము బీరువాలో నున్నది. దానిని చూపి, నూఱేండ్లనాటి ఈ నీలిగీత యిట్టి బుడ్డిలోనిదేయని చెప్పితిని. ‘‘ఇందులో ఏముండాది తాతయ్యా?’’ అని అడిగినది. చదివితిని. బియ్యము, నూనె, బండిబాడుగ, తిరువళ్లిక్కేణి గుడిలో అర్చన. ‘‘నేనే చదివితే?’’ అన్నది.

ఆనాటినుండి రాత్రి భోజనానంతరము పది నిమిషములు కూర్చుండుచున్నాము. మొదట పెన్సిలు చాలునంటిని. కలమే కావలెనని పట్టుపట్టినది. ‘ళ’ తనకు పాములవాని బుట్టవలె నున్నదట. ‘కాళ్ళు’ అను మాటను ఒకపుట నిండ వ్రాసి, చివర నొకచోట దీర్ఘము మఱచి, తానే చూచుకొని, ‘‘తాతయ్యా, ఇది కళ్ళు!’’ అని కేకవేసినది. వారము తిరుగకమునుపే రెండవ సిరాబుడ్డి ఆ పిల్ల బల్లమీదికి జేరినది. మూత సరిగా బిగింపదనియు, రెండు గౌనులు పాడైనవనియు మా కోడలు ఫిర్యాదు.